పాపమును గూర్చి వాక్యము చూపు పోలికలు

పఠన భాగములు: 2 సమూయేలు 11:14-12:15, యెషయా 1:10-20, మత్తయి 18:21-35, అపొస్తలుల కార్యములు 10:1-29.



మనలో చదువు వచ్చినవారును రానివారును దినమంతయు పోలికలతోనే మాటలాడుచుందుము. అవి పోలికలని మాత్రము మనకు తోచదు. మిరపకాయల ధర పడిపోయినదందుము. ధర ఏ మెట్టుమీదనుండియు పడలేదు. నోరు జారినదందుము, కోపము చల్లారినదందుము, బిడ్డను పోగొట్టుకొనిన తల్లిని చూచి కడుపుకోత అందుము. పోలిక ఏమియు లేకుండ కోపమును గూర్చి పది మాటలు చెప్పుమనిన యెడల పండితుడైనను తడుముకొనును. ఇదిగో, తడుముకొనును అన్నదియు పోలికయే.

మన అలంకారికులు పోలికను ఉపమ అనియు రూపకము అనియు విడదీసి చెప్పిరి. వాడు సింహమువలె ఉన్నాడనిన ఉపమ. వాడు సింహమనిన రూపకము. అవి కావ్యములకు నగలవంటివని పూర్వులు తలంచిరి. అయితే 1980వ సంవత్సరములో జార్జి లేకాఫ్, మార్క్ జాన్సన్ అను ఇద్దరు అమెరికా పండితులు ఒక గ్రంథము ప్రకటించి, పోలిక కవుల సొమ్ము మాత్రమే కాదనియు, సామాన్య మనుష్యుడు ఆలోచించుట సహితము పోలికలచేతనే జరుగుచున్నదనియు, ఏ పోలికతో ఆలోచించునో దానినిబట్టియే పనియు చేయుననియు వాదించిరి. ఈ మాట సంఘమునకు ఎంతో అక్కరైనదని మా తలంపు. ఏలయనగా పాపము కంటికి కనబడునది కాదు. అది ఇట్టిదని చూపుటకు దేవుని వాక్యము ఒకటి కాదు, అనేకమైన పోలికలు వాడుచున్నది. వాటిలో మనము దేనిని చేతపట్టుకొందుమో దానినిబట్టియే పాపము చేసినవానితో వ్యవహరింతుము.

మొదట దావీదు సంగతి చూతము. నాతాను ప్రవక్త రాజునొద్దకు వచ్చి ఊరియా పేరుగాని బత్షెబ పేరుగాని ఎత్తలేదు. ఒక ఊరిలో జరిగిన తగవువలె ఒక ధనవంతుని గూర్చియు ఒక బీదవాని గూర్చియు చెప్పెను. బీదవానికి ఉన్నది ఒకే గొఱ్ఱెపిల్ల. అది వాని పిల్లలతో కూడ పెరిగి, వాని ముద్దలో ముద్ద తిని, వాని ఒడిలో పండుకొనెడిది. ధనవంతుడు తన యింటికి వచ్చిన మనుష్యునికి వండించుటకు తన మందను ముట్టక ఆ ఒక్క పిల్లను పట్టుకొని పోయెను. దావీదు గొఱ్ఱెలు కాచి పెరిగినవాడు గనుక కథ వినగానే రగులుకొని, అట్టివాడు చావదగినవాడనియు నాలుగంతలు తిరిగి ఇయ్యవలెననియు తీర్పు చెప్పెను. అప్పుడు నాతాను ఆ తీర్పునకు ఎదుట రాజునే నిలువబెట్టెను.

ఈ కథ మన బోధకులందరు చెప్పుదురు. దానికి ముందటి అధ్యాయములోని చిన్న మాటను మాత్రము అనేకులు దాటిపోవుదురు. ఊరియా చచ్చెనని వర్తమానము వచ్చినప్పుడు దావీదు యోవాబునకు ఏమని చెప్పి పంపెను? ఖడ్గము నేడు ఒకనిని రేపు ఒకనిని తినుచుండును, దీనికి చింతింపవద్దనెను (11:25). అదియు పోలికయే గదా! చంపినది రాజు వ్రాసిన ఉత్తరము. నింద మాత్రము ఖడ్గముమీద పడెను. ఖడ్గమునకు నోరు కల్పించి, రాజు తన చేతిని దాచుకొనెను. ఒక పోలికతో రాజు కప్పిన పాపమును దేవుడు మరియొక పోలికతో బయటపెట్టెను.

మన ఊళ్లలోను కప్పు పోలికలకు కరవులేదు. లంచమిచ్చి వచ్చి, చేయి తడిపితిమందుము. తడిపినప్పుడు ఎండినది ఎవరి ఇల్లో అడుగము. సారాను మందు అందుము. రోగము తెచ్చు దానికి రోగము పోగొట్టు దాని పేరు పెట్టితిమి. పెండ్లికుమారుని తండ్రి లెక్కపెట్టి పుచ్చుకొను సొమ్మునకు లాంఛనములని పేరు. మేము కుటుంబ ప్రార్థనలకు వెళ్లునప్పుడు, తమ్ముడు వెలుపలికి వెళ్లి మందు పుచ్చుకొనుచున్నాడండి అని భార్య తలవంచుకొని చెప్పును. ఆ మాట ఆమె సిగ్గును కప్పుచున్నది గాని ఆమె ఒంటిమీది దెబ్బలను కప్పజాలదు. ఇట్టి చోట సంఘపెద్దలు వస్తువును దాని పేరుతో పిలువవలెను.

ఇక వాక్యములోని పోలికలకు వత్తము. వాటిలో మిక్కిలి ప్రాచీనమైనది బరువు. హెబ్రీ భాషలో మోయుట, ఎత్తుట అను అర్థముగల ఒకే క్రియ ఉన్నది. పాపము చేసినవాడు తన దోషము మోయునని చెప్పుటకును అదే క్రియ (లేవీయకాండము 5:1). దేవుడు దోషము క్షమించునని చెప్పుటకును అదే క్రియ (నిర్గమకాండము 34:7). క్షమాపణ అనగా ఆ బరువును మరియొకరు ఎత్తుకొని పోవుట. ప్రాయశ్చిత్త దినమున ఒక మేక ప్రజల దోషములను మోసికొని అరణ్యమునకు పోయెను (లేవీయకాండము 16:22). యెషయా 53వ అధ్యాయము చివరి వచనములో యెహోవా సేవకుడు అనేకుల పాపము మోసెనని చెప్పినచోటను ఆ క్రియయే ఉన్నది. ఈ సంగతి మన స్త్రీలకు విడమరచి చెప్పనక్కరలేదు. గడ్డి మోపు కట్టుకొనిన మనిషి గట్టుమీద నిలిచి, ఎవరైన వచ్చి నెత్తికెత్తుదురా అని దారి చూచును. దించుకొనుటకును మరియొక చేయి కావలెను. తన మోపును తానే దించుకొనవలెనని పెనుగులాడినవాని మెడ విరుగును.

ఇక్కడ ఎక్కువసేపు నిలువము. ఋణము అను పోలికను గూర్చి చెప్పవలసినది చాల ఉన్నది.

ప్రభువు నేర్పిన ప్రార్థన మత్తయి వ్రాసినదానిలో ఋణములు అని ఉన్నది. లూకా వ్రాసినదానిలో పాపములు అని ఉన్నది. ఇద్దరిలో ఎవరును తప్పలేదు. ప్రభువు కాలమున ఆ దేశస్థులు మాటలాడిన అరామిక భాషలో అప్పునకును పాపమునకును ఒకే మాట వాడుకలో నుండెను. ప్రభువు చుట్టు కూడినవారు గలిలయ కూలివారు, జాలరులు, కౌలుదారులు. పన్నులును అప్పులును వారి ఇండ్లలో నిత్యము వినబడు మాటలు. వారికి తెలిసినదానితోనే ఆయన వారికి తెలియనిదానిని చూపెను.

మత్తయి 18లో రాజునకు ఋణపడిన దాసుని కథ ఉన్నది. వాని అప్పు పదివేల తలాంతులు. తలాంతు అనగా ఆరువేల దేనారములు. దేనారము అనగా ఒక దినపు కూలి. లెక్క వేయుడి: ఆరు కోట్ల దినముల కూలి. ఏటికి మూడువందల దినములు పని దొరికి, ఆ కూలి డబ్బులలో ఒక్క పైసయు తినకుండ కట్టినను, తీర్చుటకు రెండు లక్షల సంవత్సరములు పట్టును. హేరోదు అంతిపకు గలిలయ పెరయ ప్రాంతములనుండి ఏటికి రెండువందల తలాంతులు వచ్చెడివని యోసేపస్ అను యూదా చరిత్రకారుడు వ్రాసెను. అనగా ఆ దాసుని అప్పు ఆ రెండు ప్రాంతముల ఏబది యేండ్ల రాబడి. అట్టివాడు రాజు కాళ్లమీద పడి, గడువిచ్చిన యెడల అంతయు చెల్లింతుననెను! ప్రభువు ఈ మాట చెప్పినప్పుడు వినువారిలో కొందరు నవ్వియుందురని మాకు తోచును.

రెండవ అప్పు నూరు దేనారములు. బోధకులు దీనిని అల్పమైన అప్పని త్రోసివేయుదురు. అది సరికాదు. నూరు దేనారములనగా నూరు దినముల కూలి. 2005 చట్టముతో ఉపాధి హామీ పని వచ్చినప్పుడు వంద రోజులు అను మాట మన పల్లెలలో ప్రతి ఇంట వినబడెను. వంద రోజుల కూలి చేతికి రానియెడల ఆ ఇంట ఎంత ఇబ్బందియో మనకు తెలియును. ప్రభువు ఆ అంకెను ఊరక ఎన్నుకొనలేదు. తోటివాడు మనకు చేసిన కీడు నిజముగా కీడే. గట్టు జరిపి మన భూమి కలుపుకొనినవాడు నిజముగానే మనలను నష్టపరచెను. దానిని ఏమియు కాదని క్షమింపుమని ఆయన అడుగలేదు. నూరు దినముల కూలిని నూరు దినముల కూలిగానే లెక్కించి, ఆరు కోట్ల దినముల కూలి ప్రక్కన పెట్టి చూడుమనుచున్నాడు.

కొలస్సయులకు వ్రాసిన పత్రిక 2:14లో పౌలు మరియొక అడుగు ముందుకు వేసెను. అక్కడ అతడు వాడిన గ్రీకు మాటకు చేవ్రాత అని అర్థము. అప్పు తీసికొనినవాడు తన చేతితో వ్రాసి ఇచ్చు పత్రము. మన ప్రోనోటు అట్టిదే. అప్పులో కొంత కట్టినప్పుడు నోటు వెనుక చెల్లు వేయుదురు. అంతయు తీరిన దినమున నోటు చేతికిచ్చి, చించివేయుమందురు. చెల్లు వేయించుకొనకుండ కట్టి, మరల మొదటినుండి కట్టవలసివచ్చిన ముసలివారి కథలు మనము వినియున్నాము. దేవుడు నోటు వెనుక చెల్లు వేసెనని పౌలు చెప్పలేదు. వ్రాతయే తుడిచివేయబడెననియు, ఆ పత్రము సిలువకు కొట్టబడెననియు చెప్పెను. ఆ కాలమున పత్రములు వ్రాసిన సిరాను నీటితో తుడిచివేయవచ్చును.

అయితే ఏ పోలికయైనను కొంత దూరమే మనతో నడుచును. అటుపైన దానిని లాగరాదు. ఋణము అను పోలికలో మన తెలుగువారికి రెండు గోతులు కలవు. ఒకటి: ఋణము అనగానే తీర్చుకొనుట అను మాట మన నాలుకమీదికి వచ్చును. తల్లిదండ్రుల ఋణము, దేవతల ఋణము, ఋషుల ఋణము అని మన దేశమున వేల యేండ్లుగా చెప్పుకొనుచున్నారు. ఆ అలవాటుచేత క్రైస్తవులు సహితము కానుక వేసి, ఉపవాసముండి, మ్రొక్కు చెల్లించి దేవుని బాకీ కొంత కొంత తీర్చుచున్నామని తలంతురు. కథలోని రాజు వాయిదాలు కట్టలేదు, విడిచిపెట్టెను.

రెండవ గొయ్యి దీనికంటె లోతైనది. పాపము అప్పువంటిది అనుట వేరు, అప్పు పాపము అనుట వేరు. విత్తనములు, ఎరువులు, వడ్డీ కలిసి మెడకు చుట్టుకొని, రైతులు ప్రాణములు తీసికొనిన ఇండ్లు తెలుగు జిల్లాలలో ఎన్నో కలవు. అట్టి ఇంట ఓదార్పు ప్రార్థనకు కూర్చుండినప్పుడు ఋణములను గూర్చిన ప్రసంగము ఎత్తువాడు తన నోటిని కాచుకొనవలెను. అక్కడ ఆ విధవరాలికి అప్పు అనగా పోలిక కాదు, గుమ్మములో నిలిచిన మనుష్యుడు. మోషే ధర్మశాస్త్రములో అప్పిచ్చినవానికి కట్టడలున్నవి: బీదవానియొద్ద వడ్డీ తీయరాదు (నిర్గమకాండము 22:25), తాకట్టు పెట్టిన వస్త్రము ప్రొద్దు గ్రుంకకముందు మరల ఇచ్చివేయవలెను (22:26). ఆ ఇంట చదువవలసిన వచనములు ఇవి. అప్పిచ్చినవాడు మన సంఘస్థుడే అయిన యెడల వాని ఇంటను ఇవే చదువవలెను.

మూడవ పోలిక మరక. 51వ కీర్తనలో దావీదు తన్ను కడుగుమని వేడుకొనినప్పుడు వాడిన హెబ్రీ మాట చేతులు కడుగుకొనుటకు వాడునది కాదు. బట్టలు త్రొక్కి ఉతుకుటకు వాడునది. మలాకీ 3:2 లోను చాకలివాని సబ్బు కనబడును. చౌడు పెట్టి, బానలో ఉడికించి, రేవులో బండమీద బాదిన తెల్లబట్టను చూచినవారికి ఈ ప్రార్థన ఎంత ధైర్యముగలదో తెలియును. నన్ను బండమీద వేయుమని దావీదు అడుగుచున్నాడు.

ఇప్పుడు యెషయా 1:18 తీసి రంగు ఏదో చూడుడి. పాపము ఎఱ్ఱనిదని ప్రవక్త చెప్పెను. నల్లనిదని చెప్పలేదు. ఎందుచేత ఎఱుపు? మూడు వచనములు వెనుకకు పోయి 15వ వచనము చదివిన యెడల ప్రార్థనకు చాపిన చేతులు రక్తముతో నిండియున్నవని ఉన్నది. ఎఱుపు ఆ రక్తముది. కడుగుకొనుట ఎట్లో 16, 17 వచనములలో ఉన్నది: కీడు మానుట, న్యాయము వెదకుట, తండ్రిలేనివానికి తీర్పు తీర్చుట, విధవరాలి పక్షమున నిలుచుట. ప్రవక్త తన పోలికకు తానే అర్థము చెప్పియుండగా మనము వేరొకటి కల్పించుకొనుట ఎందుకు?

1866లో లండను నగరమున స్పర్జన్ గారు ఒక ప్రసంగములో అక్షరములు లేని మూడు పుటల చిన్న పుస్తకమును గూర్చి చెప్పిరి: నల్లపుట పాపమునకు, ఎఱ్ఱపుట క్రీస్తు రక్తమునకు, తెల్లపుట శుద్ధికి గుర్తు. తరువాత అది పిల్లల పరిచర్యలో అనేక దేశములకు వ్యాపించెను. అనేకులు దానివలన మేలు పొందిరి; కాదనము. అయితే నల్లని ఒడలుగల మన పిల్లలయెదుట నల్లకాగితము ఎత్తి, మీ హృదయము ఇట్టిదనిన, పిల్ల మొదట తన చేతిని చూచుకొనును. ఇంటిలోను బడిలోను నల్లపిల్ల అని పిలిపించుకొనిన పిల్లకు ఆ మాట ఎక్కడ తగులునో తల్లులకు తెలియును. ఆదివారపు బడి ఉపాధ్యాయులు యెషయా చూపిన రంగునే చూపుదురు గాక. మంచు తెలుపు సహితము వాక్యమున ఎల్లప్పుడు శుద్ధికి గుర్తు కాదు. మోషే కూషుదేశపు స్త్రీని పెండ్లియాడెనని మిర్యాము సణిగినప్పుడు ఆమె చర్మము మంచువలె తెల్లనాయెను (సంఖ్యాకాండము 12:10). అక్కడ తెలుపు శిక్షకు గుర్తు.

ఈ సందర్భమున కుష్ఠమును గూర్చియు చెప్పవలెను. పాపము కుష్ఠమువంటిదని ప్రసంగించుట మన ప్రసంగపీఠములలో పాత అలవాటు. మిర్యామునకు, గేహజీకి, ఉజ్జియా రాజునకు అది శిక్షగా కలిగెనని వాక్యము చెప్పుట నిజమే. అయితే నయమానుకు అది పాపమువలన కలిగెనని ఎక్కడను లేదు. సువార్తలలో ప్రభువు కుష్ఠము గలవారిలో ఒక్కనితోనైనను నీ పాపములు క్షమింపబడెనని పలుకలేదు. ఆ మాట ఆయన పక్షవాయువు గలవానితో పలికెను (మార్కు 2:5). అయినను పక్షవాయువును పాపమునకు పోలికగా చేసి రోగిని వెలివేసినవారు లేరు. కుష్ఠము గలవానికి మాత్రము ఆ పోలిక ఒక రెండవ రోగమాయెను. మరియు లేవీయకాండములోని ఆ రోగము బట్టలకును ఇండ్ల గోడలకును సహితము పట్టునని వ్రాయబడియున్నది (13:47, 14:34). కాబట్టి అది నేడు మనము ఎరిగిన వ్యాధి ఒక్కటే కాదు.

నేటి వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొనెను. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు ఈ రోగులకొరకు ఆసుపత్రి స్థాపించినప్పుడు చాలినంత మందు లేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పండితులు కొన్ని మందులు కలిపి ఇయ్యవలెనని నిర్ణయించినది మొదలు, ఆరు నెలలనుండి సంవత్సరములోపల వ్యాధి కుదురుచున్నది. భార్యకుగాని భర్తకుగాని కుష్ఠమున్నదని విడాకులు కోరవచ్చునను నిబంధనను మన పార్లమెంటు 2019లో చట్టములనుండి తీసివేసెను. చట్టము ఆ మాట విడిచిన తరువాత ప్రసంగపీఠము దానిని పట్టుకొనియుండుట తగునా? మార్కు 1:41లో ప్రభువు చేయి చాపి ఆ మనుష్యుని ముట్టెను. ఆ వచనము మీద ప్రసంగించువాడు ముట్టిన చేతిని గూర్చి చెప్పుట మేలు.

మరకను, అపవిత్రతను గూర్చిన పోలిక మన సంఘములకు ఇంకొక విధముగాను కష్టమైనది. మనలో అనేకుల తాతముత్తాతలు పుట్టుకచేతనే మైలవారని ఊరికి వెలుపల ఉంచబడిరి. వారి నీడయు తగులరాదనిరి. వారి కుండకు బావి లేదు. అట్టివారి సంతానముతో, మీరు మురికివారు, కడుగబడవలెనని మాత్రమే చెప్పిన యెడల, ఊరివారు చెప్పినదానినే దేవుడును చెప్పెనని వారు వినవచ్చును. ఇట్టి అపార్థము కలుగకుండ వాక్యములోనే ఒక దర్శనమున్నది. దానికి అర్థము చెప్పినవాడు అపొస్తలుడే గనుక మనము సందేహింపనక్కరలేదు.

యొప్పేలో పేతురు మిద్దెమీద ప్రార్థనచేయుచుండగా ఆకాశమునుండి నాలుగు చెంగులు పట్టి దింపిన దుప్పటివంటిది దిగెను. అందులో ధర్మశాస్త్రము తినకూడదనిన జంతువులు, పురుగులు, పక్షులు. చంపుకొని తినుమని స్వరము. పేతురు ఆకలిగొనియున్నాడు, అయినను ఎన్నడు తినలేదనెను. మూడుసార్లు ఇట్లు జరిగెను. పేతురునకు మొదట అర్థము కాలేదు. ఇది ఏమైయుండునో అని తనలో తాను ఎటుతోచక ఉండగా, కొర్నేలీ అను రోమా శతాధిపతి పంపిన మనుష్యులు వాకిట నిలిచి పిలిచిరి. వారితో మరునాడు ప్రయాణమై కైసరయలోని ఆ యింట అడుగు పెట్టినప్పుడు పేతురు తన దర్శనమునకు అర్థము చెప్పెను (10:28). జంతువులను గూర్చి ఒక్క మాటయు చెప్పలేదు. ఏ మనుష్యుని అపవిత్రుడని పిలువకూడదని దేవుడు తనకు చూపెననెను. ఆ దుప్పటిలోనిది ఆహారమే అని తలంచినవాడు తిండిని గూర్చియే తగవులాడును. పేతురు ఆ పోలిక చూపిన దారిని నడిచి మనుష్యునియొద్దకు చేరెను.

ఆ మిద్దె ఎవరిదో మరువరాదు. లూకా రెండు మూడు మారులు చెప్పెను: చర్మకారుడైన సీమోనుది (9:43; 10:6; 10:32). చచ్చిన పశువుల తోళ్లు పట్టు పని యూదులలో హీనముగా ఎంచబడెను. క్రీ.శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నా అను యూదుల ధర్మగ్రంథములో తోలు పదును చేయు చోటు ఊరికి ఏబది మూరలు దూరమున ఉండవలెనని ఉన్నది. సీమోను ఇల్లు సముద్రపు దరిని ఉండెనని లూకా వ్రాసెను. దర్శనము దిగివచ్చినప్పుడు పేతురు ఏ ఇంటి కప్పుమీద నిలిచియుండెనో, ఏ వాసన గాలిలో వచ్చుచుండెనో మనలో తోలు పని ఎరిగిన కుటుంబములవారికి ఎవరును వివరింపనక్కరలేదు.

మన ఒంగోలు ప్రాంతమున 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసికొని ఆకలిగొనినవారికి పని కల్పించిరి. అన్నము కొరకు వచ్చిరను నింద కలుగకుండ కరవు దినములలో బాప్తిస్మములు ఆపియుంచిరి. తరువాత 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మిక్కిలి యెక్కువమంది మాదిగలు, తోలు పనివారి బిడ్డలు. నీటిలో దిగిన దినమున వారు కడుగుకొనినది ఊరు వారికి అంటగట్టిన మైల కాదు. దానిని దేవుడు ఎన్నడును మైలయని యెంచలేదు. ఊరివారితో సమానముగా ప్రతి మనుష్యుడును కడుగుకొనవలసిన పాపమునే వారు కడుగుకొనిరి. బాప్తిస్మపు ప్రసంగములో ఈ రెంటిని వేరుపరచి చెప్పుట సంఘకాపరుల పని.

కొర్నేలీ మనుష్యులు యొప్పే చేరునప్పటికి మధ్యాహ్నము దాటెను. కైసరయకు ఒక్క పూటలో పోజాలరు. పేతురు వారిని లోపలికి పిలిచి ఆ రాత్రి బస ఇచ్చెను (10:23). కొర్నేలీ పంపిన మనుష్యులు ముగ్గురు, ఒక యూదుడైన అపొస్తలుడు, అందరును ఆ తోలు పనివాని ఇంట ఒక్క కప్పు క్రింద పండుకొనిరి. ఇల్లు సీమోనుదే గనుక పడుకలు వేసినది సీమోను ఇంటివారే అయియుందురు.